ఈ తొలకరికి చీనీ అంట్లు ఇవ్వడం లేదు

ఏటా మా నర్సరీలోనే మొక్కలు తీసుకునే రైతులకు నమస్కారం. జూలైలో ఇస్తానని బయానా తీసుకున్న చీనీ (బత్తాయి) అంటు మొక్కలు ఈ తొలకరికి ఇవ్వలేను. మామిడి, సపోటా అంట్లకు ఇబ్బంది లేదు.

చీనీ మొక్కల లేత ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుప ధాతు లోపమని అనంతపురం జిల్లా రైతుకు నేను చెప్పాలా? మా బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ, ఆ లవణాలు ఇనుమును వేరుకు అందనివ్వవు. మొక్క సంచిలోని కాస్త మట్టిలో, చీనీని అంటు కట్టిన రంగపూర్ నిమ్మ వేరుమూలానికి కూడా అది భారమే. అందుకే ధర ఎక్కువైనా ఈడీడీహెచ్ఏ రకం ఇనుము కీలేటే (ఇనుమును పట్టి ఉంచి వేరుకు అందించే మందు) వాడతాను. ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటినా అది ఇనుమును వదలదు. ఈడీటీఏ రకమైతే 6.5 దాటాక ఇనుమును వదిలి కాల్షియాన్ని పట్టుకుంటుంది.

ఈసారి సరఫరాదారు పంపిన మందు సంచి మీద ఈడీడీహెచ్ఏ పేరుంది, లోపల ఉన్నది ఈడీటీఏ సరుకు. నీళ్లలో కలిపితే ముదురు ఎరుపు రావాలి, లేత పసుపు వచ్చింది. అడిగితే కొత్త తయారీ కాబట్టి రంగు మారిందన్నాడు. మొక్కలు పాలిపోయాక ఆకు పరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఇనుము చాలినంత ఉంది, లోపం మీ అంటులోనే ఉంది" అన్నాడు. నా అంటులో!

పసుపు ఆకులో మొత్తం ఇనుము లెక్కకు సరిపోవచ్చు, కానీ పనికి వచ్చే ఇనుము ఉండదు. కెటలేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములకు ఇనుము కావాలి. అది అందకపోతే అవి మందగిస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడును కెటలేజ్ విడగొడితేనే నురగ వస్తుంది. మందుల షాపు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తెప్పించి, పచ్చాకు ముద్ద ఒక గ్లాసులో, పసుపాకు ముద్ద మరో గ్లాసులో వేసి ఆయన ముందే పోశాను. పచ్చాకు నురగలు కక్కింది. పసుపాకు నుంచి నాలుగు బుడగలు లేచాయి. ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఫెర్రస్ సల్ఫేటు, యూరియా కలిపి పిచికారీ చేస్తే కొద్ది వారాల్లో మొక్కలు పచ్చబడతాయి. అలా చేసి ఇస్తే మొత్తం తీసుకుంటానని ఒక వ్యాపారి వచ్చాడు. కూలీల డబ్బు బాకీ ఉంది, ఇంట్లోవాళ్లు కూడా అందరూ చేసేదే కదా అన్నారు. నాకు నిద్ర పట్టలేదు. కానీ ఆకు మీద చల్లిన ఇనుము కొత్త చిగురుకు పెద్దగా చేరదు. మట్టిలోని ఇనుమును వేరు తీసుకునే రూపంలోకి మార్చేది వేరు మీద ఉండే రిడక్టేజ్ ఎంజైము. బైకార్బనేటు దెబ్బకు అది ఇంకా తేరుకోలేదు. మీ తోటలో మొదటి చిగురే పసుపుగా వస్తే మీరు తిట్టేది ఆ వ్యాపారిని కాదు, నన్ను. ఆయన్ని పంపించేశాను.

ఇప్పుడు బైకార్బనేట్లు తగ్గేలా నీళ్లకు ఆమ్లం కలిపి, వేరేచోట కొన్న అసలైన కీలేటు ఇస్తున్నాను. పిచికారీ లేకుండా వరుసగా రెండు చిగుళ్లు పచ్చగా వస్తేనే మొక్క గేటు దాటుతుంది. పాత ధరే. నా అంటు మీద అనుమానం ఉన్నవాళ్లు కత్తి తెచ్చుకుని ఏ మొక్కనైనా కోసి చూసుకోవచ్చు.

బయానా వెనక్కి కావాలంటే రండి. చీటీ పోయినా ఫరవాలేదు, పుస్తకంలో రాసి ఉంది. మీరు కొన్న ఈడీడీహెచ్ఏ సంచి ఉంటే, వాడే ముందు చిటికెడు గ్లాసు నీళ్లలో వేసి రంగు చూడండి.