తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఎందుకు పుట్టిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కార్యవర్గం ప్రతి నెలా కూర్చుంది. రెండు నెలలు మాత్రం కోరం లేక కూర్చున్నట్టే కూర్చుని లేచింది.

ముందుగా ఫోన్ల సంగతి. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే మన గుండె జారుతుంది. బిడ్డకు దెబ్బ తగిలి ఉండాలి, లేదా మన బిడ్డే ఎవరినో కొట్టి ఉండాలి. అందుకే బడి తెరవగానే ప్రతి ఇంటికీ తరగతి ఉపాధ్యాయులు ఒక మంచి మాట చెప్పడానికే ఫోన్ చేయాలని కిందటేడు తీర్మానించాం. మొదటి రోజు నేను ఒక ఉపాధ్యాయురాలి పక్కన కూర్చున్నాను. "కొత్తగా చేరిన పిల్లవాడిని మీ అబ్బాయి వెంటబెట్టుకుని బడంతా తిప్పి చూపించాడండీ, ఆ మాట చెబుదామని చేశాను" అని ఆవిడ అంటే, అవతల తండ్రి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా, "ఇంతకీ వాడేం చేశాడండీ?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. నెల రోజుల్లో ముగుస్తుందనుకున్న పని రెండు నెలలు సాగింది, ఎందుకంటే జాబితాలో పనిచేయని నంబర్లు చాలా ఉన్నాయి. నంబరు మారితే కార్యాలయంలో రాయించండి అని నేను మూడేళ్లుగా నివేదికలో రాస్తున్నాను. ఇది నాలుగోసారి.

నోటీసులు కూడా మార్చాం. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని మొదలయ్యే కాగితాన్ని చివరిదాకా చదివేవారు ఎవరూ లేరని పిల్లలే చెప్పారు. ఇప్పుడు మొదటి వాక్యంలోనే ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, చంటిపిల్లలను తీసుకురావచ్చా అనేవి ఉంటాయి. చదవడం రానివారికి అదే సమాచారాన్ని గొంతుతో రికార్డు చేసి పంపుతున్నాం. ఈ పనంతా ఇద్దరు సభ్యురాళ్లు చేశారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

కుటుంబాలు బడితో కలిసి నడిచే పద్ధతులు ఆరు రకాలని అమెరికా ఆచార్యురాలు జాయిస్ ఎప్‌స్టీన్ విభజించారు. పిల్లల పెంపకం, ఇంటికీ బడికీ మధ్య సమాచారం, స్వచ్ఛంద సేవ, ఇంటి దగ్గర చదువు, నిర్ణయాల్లో పాలు, చుట్టుపక్కల సమాజంతో కలిసి పనిచేయడం. ఈ ఆరింటినీ ముందు పెట్టుకుని మన పాత మినిట్స్ పుస్తకాలు తిరగేశాం. ఇన్నేళ్లూ మనం సభ్యులను పిలిచింది వేడుకలకు కుర్చీలు వేయించడానికే అని తేలింది. కుర్చీలు వేసినవారిని తక్కువ చేయడం లేదు. పిలిచిన మా గురించే అంటున్నాను.

ఇక ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది పిల్లలే నడిపిన ప్రగతి సమావేశం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ఇంతకుముందు ఎలా జరిగేదో మీకు గుర్తుంది. ఉపాధ్యాయుడి బల్ల ముందు మనం వరుసలో నిలబడేవాళ్లం. వెనక బిడ్డ సంచీ పట్టీ నలుపుతూ నిలబడేది. పెద్దవాళ్లు ఆ బిడ్డ గురించి మాట్లాడుకునేవారు, బిడ్డతో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. ఈసారి కుర్చీలో బిడ్డను కూర్చోబెట్టాం. తనకు బాగా వచ్చిన పని ఒకటి, రాక మధ్యలో ఆగిపోయిన పని ఒకటి ఎంచుకుని ఇంటివాళ్లకు తానే వివరించాలి. రెండు వారాలు ఒకరి ముందు ఒకరు సాధన చేశారు. ఉపాధ్యాయులు గది మూలన ఉండి, పిలిస్తేనే రావాలన్నది ఏర్పాటు. అందరికంటే కష్టపడింది వారే. నోరు కట్టేసుకుని కూర్చోవడం ఉపాధ్యాయుడికి సామాన్యమైన శిక్ష కాదు.

ఒక తల్లికి చదవడం రాదు. కూతురు లెక్కల పుస్తకం తెరిచి ఎర్ర సిరా గీత మీద వేలు పెట్టి, "ఇది రాక కాదమ్మా. భిన్నాలు కూడేటప్పుడు కింది సంఖ్యలు వేరైతే ముందు వాటిని ఒకటి చేయాలి. అది మరిచిపోయి కూడేశాను" అంది. తల్లి పేజీ అంతా చూసి, అడుగున ఉన్న మరో ఎర్ర గీత చూపించి, "మరి ఇది?" అంది. అదే తప్పు. అమ్మాయి నవ్వేసింది. తల్లి నవ్వలేదు. "రెండోసారి ఎందుకు మరిచిపోయావు?" అంది. అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "తొందరగా ఇచ్చేసి మంచి పేరు తెచ్చుకుందామని" అంది. మూలనున్న ఉపాధ్యాయురాలు ఆ మాటను తన పుస్తకంలో రాసుకోవడం నేను చూశాను.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. కొందరు పిల్లల తరఫున ఎవరూ రాలేదు. ఒక అబ్బాయి తన నోటు పుస్తకాలను మూడుసార్లు సర్ది, ప్రతిసారీ తలుపు వైపు చూశాడు. చివరికి గ్రంథాలయం చూసే ఆయన వెళ్లి ఎదురుగా కూర్చుని అంతా విన్నారు. రాని తల్లిదండ్రులను నిందించడం తేలిక. మనం పెట్టిన సమయం వారి పని వేళ. వచ్చే ఏడాది రెండు వేర్వేరు పూటల్లో పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది.

సాయంత్రం పూట గది వాడుకోవడానికి అనుమతి కోరుతూ పై కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. మూడింటికీ అందినట్టు రశీదు వచ్చింది. జవాబు రాలేదు. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి కోసం వేసిన కుర్చీలో చివరికి ఒక తాతగారు కూర్చున్నారు. సభకు ఆయనే శోభ.

హోంవర్క్ మీద కూడా చర్చ జరిగింది. మాధ్యమిక తరగతుల పిల్లల తల్లిదండ్రుల మీద జరిగిన 50 అధ్యయనాలను పరిశోధకులు నాన్సీ హిల్, డయానా టైసన్ 2009లో కలిపి పరిశీలించారు. చదువు ఎందుకో, ముందు ముందు ఏం చేయాలనుందో పిల్లలతో మాట్లాడే ఇళ్లలో చదువు బాగా సాగుతున్నట్టు, హోంవర్క్‌లో సాయానికి మాత్రం ఆ మేలు లేనట్టు వారికి కనిపించింది. వెనకబడిన పిల్లలకే సాయం ఎక్కువ అందుతుంది కాబట్టి దీన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. అయినా ప్రాజెక్టు అట్టలన్నీ తామే కత్తిరించి అతికించే నాన్నలు ఈ పేరా రెండుసార్లు చదవగలరు.

ఇంటి సందర్శనల దగ్గర దెబ్బతిన్నాం. 1998లో అమెరికాలోని శాక్రమెంటో నగరంలో మొదలైన పద్ధతిని తీసుకున్నాం. ఇష్టపడిన ఉపాధ్యాయులు ఇద్దరిద్దరుగా వెళ్తారు, చెడ్డ పేరున్న పిల్లల ఇళ్లకే కాక అన్ని రకాల ఇళ్లకూ వెళ్తారు, బిడ్డ మీద మీ ఆశ ఏమిటని అడుగుతారు. ఉపాధ్యాయులు సిద్ధమయ్యారు. దారి చూపించడానికి, ముందుగా కబురు పెట్టడానికి సభ్యులు పన్నెండు మంది పేర్లిచ్చారు. వచ్చింది ముగ్గురు. మిగతా తొమ్మిది మందికీ ఆ రోజుల్లోనే బంధువుల ఇళ్లలో శుభకార్యాలు వచ్చాయి. ముహూర్త బలం.

కార్యవర్గంలో ఇద్దరు విద్యార్థులకు చోటు ఇచ్చాం. కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పవచ్చని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం అంటోందని అధ్యక్షులు చదివి వినిపించారు. ఆ ఇద్దరూ ఒక్క సమావేశమూ తప్పలేదు. కోరం లేని రెండు నెలలూ సమయానికి వచ్చి కూర్చున్నది వాళ్లే.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి తయారుచేశారు, ఆడిట్ అయింది, ప్రతి మీ అందరి చేతుల్లో ఉంది. చందా బాకీలు కొన్ని ఉన్నాయి. ఎవరివో వారికి తెలుసు.

ప్రధానోపాధ్యాయులకు, ఫోన్లు చేసిన తరగతి ఉపాధ్యాయులందరికీ, ఆలస్యమైనా గదులకు తాళం వేయకుండా ఆగిన వాచ్‌మన్‌కు, గ్రంథాలయం చూసే ఆయనకు, ఊడ్చిపెట్టిన ఆయమ్మలకు, మైకు సర్దిన పదో తరగతి పిల్లలకు, ఇళ్లకు వెళ్లిన ఆ ముగ్గురు సభ్యులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచి ఉంటే అది నా పొరపాటు, సంఘానిది కాదు.

వచ్చే ఏడాది సందర్శనల జాబితా ద్వారం పక్కన బల్ల మీద పెట్టాం. పేరు రాసేవారు ఏ రోజు వీలవుతుందో కూడా రాయండి. పెన్ను దారంతో కట్టే ఉంది.

ఇట్లు
కార్యదర్శి