బళ్లారి ప్రయాణం గురించి

అందరికీ నమస్తే. ఆదివారం అనంతపురం నుంచి బళ్లారి కోటకు బయల్దేరే ముందు ఒక సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు టర్కీ ఖైదీలను ఉంచిన ఊళ్లలో బళ్లారి ఒకటి. 1917లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి శిబిరం చూసి నివేదిక కూడా రాశారు. 1882 దాకా మన అనంతపురం ఆ బళ్లారి జిల్లాలోదే. అయినా మా బళ్లో ఏ సారూ ఈ ముక్క చెప్పలేదు!

ఇలాంటి చోటును ఎట్లా కాపాడుకోవచ్చో స్కాట్లాండ్‌లోని ఆర్క్నీ దీవుల వాళ్లను చూడాలి. రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికులను లాంబ్ హోమ్ అనే చిన్న దీవిలో పెట్టి, సముద్రంలో అడ్డుకట్టలు కట్టించారు. ఆ ఖైదీలే రెండు రేకుల షెడ్లు కలిపి చర్చి చేసుకున్నారు. లోపల ఇటుక, చెక్కిన రాయి అనిపించేదంతా పెయింటే. దీపాలేమో మాంసం డబ్బాల రేకుతో చేసినవి. బొమ్మలు వేసిన డొమెనికో కియోకెట్టి 1960లో మళ్లీ వచ్చి, పాడైనవి బాగుచేసి వెళ్లాడు. శిబిరం పోయింది, చర్చి ఉంది. నా మటుకు వంద శిలాఫలకాల కంటే ఆ ఒక్క షెడ్డే మేలు.

మీ ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర బళ్లారి శిబిరం మాటగానీ, పాత ఫోటోగానీ ఉంటే శనివారం లోపు ఈ గ్రూపులో పెట్టండి. గుడ్ మార్నింగ్ పూలు అప్పటిదాకా ఆపితే వెతుక్కోవడం సులువు. నీళ్లు, టోపీ ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.