ఇంట్రాడేలో దిగేముందు ఖర్చుల లెక్క చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఎస్.ఆర్. నగర్‌లో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేస్తుంటాను. ఈమధ్య జూలై వచ్చిందంటే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఫారం 16తో పాటు బ్రోకర్ ఇచ్చిన లాభనష్టాల స్టేట్‌మెంట్ కూడా పట్టుకొస్తున్నారు. వాటిలో లాభం కనిపించేది అరుదు. కొత్తవాళ్లు ఇంట్రాడే, అంటే షేర్లు కొన్న రోజే అమ్మేసే వ్యాపారం, చేయొచ్చా అని ఎవరడిగినా వద్దనే చెప్తాను, ఎందుకో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసినవాళ్లలో పదిమందికి ఏడుగురు నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జూలైలో చెప్పింది. 30 ఏళ్లలోపు వాళ్లయితే 76 శాతం. ఏడాదికి 500 కంటే ఎక్కువ ట్రేడ్లు చేసినవాళ్లలో 80 శాతం మంది పోగొట్టుకున్నారు. "చేస్తూ చేస్తూ ఉంటే అదే వస్తుంది" అనేవాళ్లు ఈ చివరి అంకె ఒక్కటి చూస్తే చాలు. షేరు ధర ముందుముందు ఎటు పోతుందో అని పందెంలా ఆడే ఫ్యూచర్స్, ఆప్షన్ల సంగతి ఇంకా ఘోరం, అక్కడ 2021-22 నుంచి మూడేళ్లలో 93 శాతం మంది మునిగారు.

ఎందుకిలా అవుతుందో ఆ రోజు ట్రేడ్లకి బ్రోకర్ పంపే బిల్లు, అంటే కాంట్రాక్ట్ నోట్, తెరిస్తే తెలుస్తుంది, కానీ సాయంత్రం మెయిల్‌కి వచ్చే ఆ కాగితాన్ని తెరిచి చూసేవాళ్లే లేరు. 500 రూపాయల షేర్లు వంద కొని 501కి అమ్మారనుకోండి. యాప్‌లో పచ్చరంగులో వంద రూపాయల లాభం కనిపిస్తుంది. ఆర్డరుకి 20 చొప్పున బ్రోకరేజీ 40, అమ్మకం మీద ఎస్‌టీటీ అనే పన్ను పన్నెండున్నర, ఎక్స్చేంజ్ చార్జీలు ఒక మూడు, జీఎస్టీ దాదాపు ఎనిమిది, స్టాంప్ డ్యూటీ రూపాయిన్నర, అన్నీ కలిపితే 65 దాకా అవుతుంది. చేతికొచ్చేది 35. అదే షేరు రూపాయి తగ్గితే పోయేది వంద కాదు, 165. అంటే ఒక్క నష్టాన్ని పూడ్చుకోవాలంటే అలాంటి లాభాలు దాదాపు ఐదు రావాలి. బ్రోకరేజీ కాస్త తక్కువున్న చోట అంకెలు కొంచెం మారతాయి గానీ కథ మారదు.

పైగా ఆ షేర్లు కొన్న 50 వేలూ పూర్తిగా మనవి కావు. మన డబ్బుకి ఐదు రెట్ల దాకా షేర్లు కొననిస్తాడు బ్రోకరు, దీన్నే మార్జిన్ అంటారు, కాబట్టి పదివేలతోనే ఇదంతా నడుస్తుంది, షేరు పది రూపాయలు పడితే సొంత డబ్బులో వెయ్యి పోతుంది. రేపు పెరుగుతుందిలే అని ఆగడానికి కూడా ఉండదు, మూడుంబావు దాటాక బ్రోకరే అమ్మేస్తాడు. ఉదయం తొమ్మిదింబావు నుంచి మూడున్నర దాకా మార్కెట్ అంటే అది సరిగ్గా ఆఫీసు టైమే కదా, మీటింగులో కూర్చుని బల్ల కింద ఫోన్ చూసుకునేవాడికి ఆ టెన్షన్‌లో ఏ పని సాగుతుంది?

ఇంకోటి, ఇంట్రాడే నష్టాన్ని జీతంలోంచి తీసేసి టాక్స్ తగ్గించుకుందామంటే కుదరదు. దాన్ని స్పెక్యులేషన్, అంటే ధరల ఊగిసలాట మీద ఆడే వ్యాపారం కింద చూస్తారు, అలాంటి లాభం వస్తేనే అందులో సర్దుబాటు, అదీ నాలుగేళ్లలోపే. గడువులోపు ఐటీఆర్-3 అనే రిటర్ను వేయకపోతే ఆ హక్కూ పోతుంది. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖాలు పాలిపోవడం చూస్తుంటాను, అప్పులు తెచ్చి ఆడినవాళ్లయితే మరీను.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య ఇప్పుడు ట్రేడింగ్ క్లాసుల బోర్డులు కూడా వేలాడుతున్నాయి. పాఠం పేరుతో టిప్స్ ఇవ్వకుండా, చదువు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడకూడదని సెబీ 2025 జనవరిలోనే చెప్పింది. ఫలానా షేరు కొనమనేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగి సెబీ వెబ్‌సైట్లో సరిచూసుకోండి. ఫీజు కట్టేముందు ఆ సారుని మూడేళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు చూపించమని కూడా అడగండి, మొహమాటపడొద్దు. టెలిగ్రామ్ గ్రూపుల జోలికైతే అసలే పోవద్దు.

షేర్ల మీద ఆసక్తి ఉన్న పిల్లల్ని నేనెప్పుడూ ఆపను. నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేసుకోండి, నచ్చిన కంపెనీ ఉంటే డెలివరీలో, అంటే పూర్తి డబ్బు కట్టి మన ఖాతాలో ఉంచుకునేలా, కొన్ని షేర్లు తీసుకుని దాని లెక్కలు చదవడం నేర్చుకోండి అంటాను. మీకు నా విన్నపం ఒకటుంది. బిజినెస్ పేజీలో రోజూ పెరిగిన షేర్లు, తగ్గిన షేర్లు వేస్తారు కదా, వారానికొకసారైనా ఆ పక్కనే ఒక ఇంట్రాడే ట్రేడు తీసుకుని ఖర్చులన్నీ పోను ఎంత మిగిలిందో ఇలాగే లెక్కకట్టి వేయండి.

— ఒక టాక్స్ కన్సల్టెంట్, ఎస్.ఆర్. నగర్, హైదరాబాద్