ప్లేయరు చేరింది

అమ్మడూ,

నువ్వు పంపిన రికార్డు ప్లేయరు క్షేమంగా చేరింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం, వేరే పనేం లేదు. ఫోనులో చెబుదామంటే నువ్వు ఎత్తడం లేదు. పనిలో ఉంటుందిలెండి అంటుంది మీ అమ్మ. బరంపురం పెళ్లిలో పద్మత్త ఒక మాటంది, అది తరవాత రాస్తాను.

ప్లేయరు బిగిస్తానని కాశీ మావయ్య గుణుపురం నుంచి రైలెక్కి వచ్చాడు. దాంతో వచ్చిన పుస్తకం చదవడం ఆయనకి నామోషీ కదా. మన పాత యాంప్లిఫయరు వెనక 'ఫోనో' అని రాసున్న కన్నాలు చూసి, పేరు కలిసిందని వైర్లు అందులో గుచ్చేశాడు. పాట మొదలవగానే బొంయ్యిమని ఒకటే మోత. పక్కింటి మావుసి గోడమీంచి తొంగి చూసింది. "స్పీకర్లు పోయాయి బావా, కొత్తవి కొనాల్సిందే" అని తేల్చేశాడు. అప్పుడు నేను పుస్తకం తీశాను. ముల్లు నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల పాటి సన్నటి సిగ్నలు. పైగా ఎల్పీ రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేసు (మందర ధ్వని) తగ్గించి, ట్రెబులు (కీచు ధ్వని) పెంచి కోస్తారు. దాన్ని సరిచేసి పెంచే ప్రీయాంపు ఈ ప్లేయరులోనే ఉంది. యాంప్లిఫయరు ఫోనో కన్నం వెనకా ఇంకోటి ఉంది. రెండుసార్లు పెంచితే మోత కాక ఏమొస్తుంది? ప్లేయరు వెనక బుల్లి మీట 'లైన్' వైపే ఉంది. వైర్లు తీసి 'ఆక్స్' అని రాసున్న మామూలు కన్నాల్లో పెట్టాను, శుభ్రంగా పలికింది. మీట ఫోనో వైపు ఉంచి ఆక్స్‌లో పెడితే మాత్రం చెవి దగ్గర దోమలా సన్నగా వినిపిస్తుంది.

మావయ్య ఊరుకోలేదు, యూఎస్‌బీ వైరు టీవీకి గుచ్చాడు. టీవీ పెన్‌డ్రైవు కోసం వెతుక్కుంది. ఆ వైరు కంప్యూటరుకి పెట్టాలి. పాటని డిజిటల్ చేసే పని ప్లేయరే చేసేస్తుంది, కంప్యూటరులో ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాముతో దాచుకోవచ్చు. నీ పాత ల్యాప్‌టాపు ఇక్కడే ఉంది గాని పాస్‌వర్డు నీకే తెలుసు. అది చెప్పడానికైనా ఫోను చెయ్యి.

పద్మత్త ఏమందంటే, నువ్వు ఉద్యోగం మానేశావట. నేను నమ్మలేదు. మానేసిన పిల్ల ఇంత ఖరీదైనది కొని పంపుతుందా అంది మీ అమ్మ. ఆ ఖరీదు చూసే నాకు నిద్ర పట్టలేదు. మానేస్తే మానేశావు, ఏమీ అనను. రిలీవింగ్ లెటరు మాత్రం చేతిలో పెట్టుకో. పీఎఫ్ ముట్టుకోకు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి కట్టు. మళ్లీ ఉపన్యాసం అంటావు, సరే.

తాతగారి 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు, పెట్టనివ్వలేదు. వాటి గాడి వెడల్పు, ఈ ముల్లు సరిపోదు, వేరేది కావాలి. నువ్వు కొని పంపకు. చేతిలో డబ్బుంచుకో, పొద్దున్న టిఫిను మానకు.

అమ్మ ఉసిరికాయ పచ్చడి కట్టి ఉంచింది. పాత అడ్రసుకే పంపమంటావా, ఇల్లు కూడా మారావా?

నాన్న
పర్లాకిమిడి