బఠానీలు చివరన వేయాలి

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమంగా ఉన్నాము. చలికి మీ నాన్నగారి మోకాలి నొప్పి కొంచెం ఎక్కువైంది కాని, ఉదయం నడక మాత్రం మానలేదు. నువ్వు, కోడలు, పండు, చిట్టి కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన సందేశం అందింది. "అమ్మా, ఆ చలికాలం సూపు ఎలా చేసేవాళ్ళు?" అన్న ఒక్క వాక్యమే అందులో ఉంది. ఆ తరువాత ఈరోజుకు 24 రోజులైంది. రెండుసార్లు ఫోను చేశాను, నువ్వు తీయలేదు. పనిలో ఉండి ఉంటాడని మీ నాన్నగారు అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. వంట సంగతులు నోటితో చెబితే సగం మరచిపోతావు కనుక, కాగితం మీద వ్రాసి పంపితే వంటింటి గోడకు అంటించుకుంటావని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీరు నలుగురే అయినా ఐదుగురికి సరిపడా చేయి, ఎందుకంటే ఈ సూపును రెండోసారి పోయించుకోకుండా మన ఇంట్లో ఎవరూ లేచింది లేదు. రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు, 300 గ్రాముల బంగాళాదుంపలు, చిన్న క్యాబేజీలో పావు వంతు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పండిన టమాటాలు, 100 గ్రాముల పచ్చి బఠానీలు, లీటరున్నర నీళ్ళు, రెండు పెద్ద చెంచాల వెన్న లేదా నూనె తీసుకో. కొలతలు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. బంగాళాదుంపల తొక్క మీద ఎక్కడైనా పచ్చదనం కనిపిస్తే మాత్రం ఆ భాగాన్ని లోతుగా కోసి పారేయి, దుంప చాలామట్టుకు పచ్చబడి ఉంటే మొత్తంగా వదిలేయి. అది చేదుగా ఉండటమే కాదు, పిల్లల కడుపుకు చెరుపు చేస్తుంది.

ఈ సూపు రుచి అంతా ఉల్లిపాయల దగ్గరే తేలిపోతుంది. మందపాటి అడుగున్న గిన్నెలో వెన్న కరిగాక, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మంట బాగా తగ్గించి మూత పెట్టు. ఉప్పు వాటిలోని నీటిని బయటికి తీస్తుంది, ఆ నీటిలోనే అవి 12 నిమిషాలు మెల్లగా మగ్గి, ఘాటు పోయి తియ్యగా అవుతాయి. ఎర్రబడకూడదు. నీకు తొందర ఎక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే, మంట పెంచి అయిదు నిమిషాల్లో ముగించాలని చూస్తావు. అలా చేస్తే అంచులు మాడి లోపల పచ్చిగా ఉంటాయి, ఆ పచ్చివాసన తరువాత ఎంత ఉడికించినా పోదు. ఉల్లిపాయలు మగ్గాక క్యారెట్ ముక్కలు వేసి మరో అయిదు నిమిషాలు కలుపుతూ ఉండు. క్యారెట్‌లోని పసుపు రంగు పదార్థం కొవ్వులో కరిగేది కనుక, వెన్నలో మగ్గితేనే సూపుకు రంగూ వస్తుంది, ఒంటికీ పడుతుంది. వెల్లుల్లి తరిగి వేసి ఒక్క నిమిషం వేయించాక, పక్క పొయ్యి మీద కాగుతున్న నీళ్ళు పోసి బంగాళాదుంప ముక్కలు వేయాలి. ఒక్క పొంగు రాగానే మంట తగ్గించి, పైన అక్కడక్కడ ఒక బుడగ లేచేటంత సెగ మీద 20 నిమిషాలు ఉంచు.

టమాటాలు ఇప్పుడు వేయకూడదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను అన్నీ ఒకేసారి వేసి, ముప్పావు గంటైనా దుంపలు మెత్తబడకపోతే కూరగాయలు మంచివి కావని అనుకున్నాను. పులుపు తగిలితే దుంపల్లోని పీచు గట్టిగా పట్టుకుని ఉండిపోతుందని, అవి గరిటెకు నలిగేంత ఉడికిన తరువాతే టమాటాలు వేయాలని నాకు చెప్పింది మీ నానమ్మ. టమాటాలతోపాటే క్యాబేజీ కూడా వేసి ఎనిమిది నిమిషాలు ఉంచితే చాలు. క్యాబేజీని అంతకు మించి ఉడికిస్తే ఇల్లంతా నిలవ వాసన పడుతుంది. బఠానీల సంగతి తరువాత చెబుతాను.

ఉప్పు చివర వేసుకో. నీళ్ళు మరిగి తగ్గేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కనుక, మొదట సరిగ్గా ఉందనిపించింది చివరకు ఎక్కువైపోతుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే అన్నింటిలోనూ కలిపి ఒక చిన్న చెంచా అన్నమాట. ఇది ఎందుకు వ్రాస్తున్నానంటే, పోయిన నెల మీ ఇంటికి వచ్చి వెళ్ళిన పిన్ని, మీ వంటింటి అరలో సూపు పొడి ప్యాకెట్లు వరుసగా పేర్చి ఉన్నాయని చెప్పింది. వాటి వెనక, ఉప్పులో ఉండే సోడియం ఎంతని వ్రాశారో ఒకసారి చదువు. మీ నాన్నగారికి రక్తపోటు వచ్చినది 40 దాటిన తరువాతే, నీకు ఇప్పుడు 39.

పిన్ని మరొక మాట కూడా చెప్పింది. రాత్రిపూట మీ ఇంట్లో ఎవరి గిన్నె వారు తీసుకుని ఎవరి గదికి వారు వెళ్ళిపోతున్నారని, నువ్వు వంటగట్టు దగ్గర నిలబడే తినేస్తున్నావని చెప్పింది. పిన్ని కొంచెం పెంచి చెబుతుందని నాకు తెలుసు. నిలబడి తింటే ఏమి తిన్నామో, ఎంత తిన్నామో తెలియదు, అందుకని అడుగుతున్నాను, అంతే.

చిన్నా, నువ్వు "చలికాలం సూపు" అని వ్రాయలేదు, "ఆ చలికాలం సూపు" అని వ్రాశావు. మన ఇంట్లో "ఆ చలికాలం" అంటే ఒక్కటే. నీకు అప్పుడు 11 ఏళ్ళు. నీకు ఎంత గుర్తున్నదో నాకు తెలియదు, నాకు మాత్రం గిన్నె మీది సొట్టతో సహా గుర్తున్నది.

మీ నాన్నగారు పనిచేసే చోటు మూతబడింది. ఆ సంగతి ఆయన నాకు ఒక్కదానికే చెప్పి, పిల్లలకూ అమ్మకూ ఇప్పుడే చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నారు. ప్రతి ఉదయం మామూలుగానే బయలుదేరి పని కోసం తిరిగేవారు. మామూలుగా తిరిగి వచ్చే వేళ దాటిన తరువాత, మీరందరూ తినేసి పడుకున్నారని తోచాకే ఇంటికి వచ్చేవారు. అందరి మధ్యా కూర్చుంటే ఎవరో ఒకరు "ఈరోజు పని ఎలా ఉంది" అని అడుగుతారని ఆయన భయం. ఆయన లేకపోయేసరికి పెద్దక్క పుస్తకం పట్టుకుని ఒక మూల తినేది, నువ్వు ఆటలో పడి తినేవాడివే కాదు, నాకు గొంతు దిగేది కాదు. పది రోజుల్లో ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది.

నానమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకనాటి సాయంత్రం తానే పొయ్యి దగ్గరికి వచ్చి ఈ సూపు పెట్టింది. ఏడున్నరకు అంతా ఉడికిపోయింది. నువ్వు గిన్నె పట్టుకుని వస్తే, ఇంకా కాలేదు, బఠానీలు వేయాలి కదా అంది. మరి వేయమన్నావు. ముందు వేస్తే రంగు పోతుంది, నాన్న వచ్చాక వేద్దామని చెప్పి, ఒలిచిన బఠానీల గిన్నె నీ చేతికిచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. అడుగుల చప్పుడు వినగానే పరుగెత్తుకుని వచ్చి చెప్పాలన్నది నీ పని. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది. మరిగి చిక్కబడుతుంటే నానమ్మ రెండుసార్లు వేడి నీళ్ళు పోసింది. బంగాళాదుంపలు పూర్తిగా విడిపోయి సూపులో కలిసిపోయాయి. పెద్దక్క ఆకలి అన్నా నానమ్మ గరిటె ముట్టుకోనివ్వలేదు. నాకు లోపల కోపం వచ్చింది, పిల్లల్ని ఆకలితో ఉంచి ఈ పంతమేమిటని అనుకున్నాను, ఆ కోపానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

తొమ్మిదికి పావుగంట ముందు నువ్వు "వచ్చేశారు" అని అరుస్తూ పరుగెత్తుకుని వచ్చి, బఠానీలన్నీ ఒక్కసారిగా గుమ్మరించావు. మీ నాన్నగారు గుమ్మంలో నిలబడిపోయారు, ఎందుకంటే ఎవరూ పడుకోలేదు, నలుగురమూ ఖాళీ గిన్నెలతో కూర్చుని ఉన్నాము. బఠానీలు ఉడకడానికి పట్టే మూడు నిమిషాల్లో ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. సూపు పొగలు కక్కుతున్నది, ఊదుకుని తాగాలి, గబగబా ముగించి లేచిపోవడానికి వీలు లేదు. చాలాసేపు చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. రెండో గిన్నె సగమయ్యాక ఆయన తల ఎత్తకుండానే, "అమ్మా, మా పని పోయి పదహారు రోజులైంది" అన్నారు. నానమ్మ ఒక్క మాట కూడా అనకుండా ఆయన గిన్నెలో మరో గరిటె పోసింది. అప్పుడు నువ్వు, "అయితే రేపటినుంచి తొందరగా వస్తావా నాన్నా?" అని అడిగావు.

వచ్చారు. ఆ మరునాటి నుంచి పని దొరికేవరకు, ఆ తరువాత కూడా, బఠానీలు వేసే వేళకు ఆయన ఇంట్లోనే ఉన్నారు. నువ్వు ఆ రోజు అడిగిన మాటను ఆయన ఈనాటికీ తలచుకుంటారు, నీతో ఎప్పుడూ చెప్పి ఉండరు.

ఇక బఠానీల సంగతి. నానమ్మ చెప్పింది సాకు కాదు, నిజమే. పులుపున్న నీటిలో ఎక్కువసేపు ఉడికితే ఆకుపచ్చ రంగు చెడి మట్టి రంగుకు తిరుగుతుంది. కోడలు ఆలస్యంగా వచ్చే రోజుల్లో క్యాబేజీ వరకు అన్నీ కానిచ్చి, ఆవిరి వస్తూ ఉండేటంత సన్నని సెగ మీద గిన్నె ఉంచు. అమ్మాయి వచ్చాక బఠానీలు వేసి, దించి, మిరియాల పొడి చల్లు. బఠానీలు పండు చేతికే ఇవ్వు, వాడికిప్పుడు ఆ వయసే. పొయ్యి ఆపేసి మాత్రం గంటలకొద్దీ వదిలేయవద్దు. గోరువెచ్చని సూపు క్రిములు పెరగడానికి అనువైన చోటు. మిగిలినదాన్ని లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో పోసి రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. తాగబోయేంత మాత్రమే తీసి, గోరువెచ్చన కాకుండా బాగా మరిగేవరకు కాచాలి.

చిట్టికి ముక్కలు తగలకూడదంటే గరిటె వెనకవైపుతో మెదిపి ఇవ్వు. మిక్సీ పట్టవద్దు. వేడి సూపును జారు నిండా పోసి తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపోతుంది, నా ఎడమ మణికట్టు మీద మచ్చ అలా వచ్చినదే. పట్టక తప్పకపోతే చల్లారనిచ్చి, సగం కంటే తక్కువ పోసి, మూత మీద బట్ట అదిమి పట్టు. పొరపాటున చేయి కాలితే వెన్న గిన్న పూయకుండా కుళాయి కింద 20 నిమిషాలు పట్టుకోవాలి. అన్నట్టు, నిండుగా ఉంటుందని ఎవరైనా ఎర్ర రాజ్మా గింజలు వేయమంటే, వాటిని అయిదు గంటలకు తక్కువ కాకుండా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట సలసల కాగనిచ్చిన తరువాతే సూపులో వేయాలి. సన్నని సెగ మీద మాత్రమే ఉడికిస్తే వాటిలోని విషం చావదు, వాంతులు పట్టుకుంటాయి.

నీ పని ఎలా ఉన్నదని నేను అడగటం లేదు. డబ్బు సంగతీ అడగటం లేదు. మీ నాన్నగారు ఈ మధ్య సాయంత్రాలు ఫోను చేతికి అందేలా పెట్టుకుని కూర్చుంటున్నారు, ఎందుకని నేనూ అడగలేదు. ఏడున్నర తరువాత మేమిద్దరం ఇంట్లోనే ఉంటాము. ఫోను ఆదివారాలే చేయాలని ఏమీ లేదు, ఏ రోజైనా సరే, నువ్వేమీ మాట్లాడకపోయినా సరే, పండు చేత మాట్లాడించు.

నీ దగ్గర అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె ఉన్నదో లేదో వ్రాయలేదు. పలచని గిన్నెలో ఉల్లిపాయలు అడుగంటుతాయి. నానమ్మ గిన్నెను తోమించి, పాత దుప్పటిలో చుట్టి ఉంచాను, వచ్చే వారం పంపిస్తున్నాను. దానికి కుడివైపు పిడి కొంచెం వదులైంది, దించేటప్పుడు రెండు చేతులతో, మందపాటి బట్టతో పట్టుకో. మఫ్లరు లేకుండా ఉదయంపూట బయటికి వెళ్ళవద్దు.

మీ అమ్మ