సావో పాలో వెళ్ళే ఆడవాళ్ళకి వివరాలు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీల్లో దక్షిణ అమెరికా టూర్ల మీద వేసిన ఆర్టికల్ చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ చివర్లో బాక్స్ కట్టి ఒంటరి మహిళలు ఈ నగరాలకి వెళ్ళకపోవడమే మంచిది అని ఒక్క లైన్లో తేల్చేయడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదండి. ఏ ఊళ్ళో, ఏ ఏరియాలో, ఏ టైంలో, ఏం జరుగుతుందో ఒక్క ముక్క లేదు, బొగోటా, లిమా, రియో, సావో పాలో, బ్యూనస్ ఎయిర్స్ అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. నేను హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో రెగ్యులేటరీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను, ఆఫీసు పని మీద బ్రెజిల్‌లోని సావో పాలో ఒక్కదాన్నే వెళ్ళొస్తుంటాను, అందుకే ఆ ఒక్క ఊరి గురించే రాస్తున్నా, మిగతా ఊళ్ళ గురించి అక్కడ తిరిగినవాళ్ళు రాయాలి.

ఇలాంటి ఒక్క లైను ఎంత నష్టం చేస్తుందో ముందు చెప్తాను. మా ఫీల్డ్‌లోనే ఒక అమ్మాయి ఉంది, డోసియర్, అంటే మందుకి అనుమతి కోసం ఇచ్చే ఫైల్, మొత్తం తనే రాత్రీ పగలూ కూర్చుని తయారుచేసింది, తీరా బ్రెజిల్‌లో మీటింగ్ అనేసరికి సేఫ్టీ అని చెప్పి ఆమె పేరు తీసేసి ఆ ఫైల్ మొహం కూడా చూడని ఒకబ్బాయిని పంపించారు. ఇంట్లోవాళ్ళు కూడా పోన్లేమ్మా నీకెందుకొచ్చిన రిస్కు అన్నారట. రేపు ప్రమోషన్ టైంకి ఫారిన్ ఎక్స్‌పోజర్ లేదు అని ఆ అమ్మాయి అప్రైజల్‌లోనే రాస్తారు. హైదరాబాద్ ఫార్మా కంపెనీలకి బ్రెజిల్ చిన్న మార్కెట్ కాదు, ఈ పనుల్లో ఆడవాళ్ళు చాలామందే ఉన్నాం, కాబట్టి ఇది ఎవరో టూరిస్టుల సరదా సంగతి మాత్రమే కాదండి.

సరే, అసలు అక్కడ భయపడాల్సింది దేనికి అంటే మొదటిది ఫోన్. మనకి చైన్ స్నాచర్లు బైక్ మీద వచ్చి మెళ్ళో గొలుసు తెంపుకుపోయినట్టు అక్కడ చేతిలో ఫోన్ లాక్కుపోతారు. సైకిల్ మీద వస్తారు, బైక్ మీద వస్తారు, వీపుకి ఫుడ్ డెలివరీ బ్యాగ్ తగిలించుకుని మరీ వస్తారు. ఏదో చీకటి సందుల్లోనే కాదు, పౌలిస్టా అవెన్యూ లాంటి మెయిన్ రోడ్డు మీద, పిన్యేరోస్, జార్డిన్స్ లాంటి డబ్బున్న ఏరియాల్లో పట్టపగలే జరుగుతుంది. వాళ్ళకి అన్నిటికంటే కావాల్సింది లాక్ తీసి ఉన్న ఫోన్, ఎందుకంటే బ్యాంకు యాప్‌లు ఖాళీ చేసెయ్యొచ్చు, అందుకే మనం ఫుట్‌పాత్ మీద నిలబడి మ్యాప్ చూసుకునే టైమే వాళ్ళకి కరెక్ట్ టైం. కారులో కూర్చున్నా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అద్దం పగలగొట్టి ఒళ్ళో ఫోన్ తీసుకుపోయే గ్యాంగులు ఉన్నాయి.

అక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తారో చూసే నేను నేర్చుకున్నాను. దారి చూడాలంటే ఏదో ఒక మందుల షాపులోకో బేకరీలోకో వెళ్తారు, లోపల నిలబడి చూసుకుని ఫోన్ బ్యాగులో పెట్టి జిప్ వేశాకే బయటికొస్తారు. రోడ్డు మీద ఎవరికైనా ఫోన్ మోగినా తీయరు. క్యాబ్‌లో ఫోన్ కిటికీ వైపు పట్టుకోరు, అద్దాలు దించరు. చాలామంది దగ్గర రెండో ఫోన్ ఉంటుంది, పాతది, బ్యాంకు యాప్‌లు ఏమీ లేనిది, బయట తిరిగేటప్పుడు అదే పట్టుకెళ్తారు, బ్యాంకు ఉన్న ఫోన్ ఇంట్లోనే. మనవాళ్ళు కూడా ఇదే చెయ్యాలి, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఉన్న ఫోన్ హోటల్ సేఫ్‌లో పెట్టేసి ఒక పాత ఫోన్‌తో తిరిగితే సగం టెన్షన్ పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ చేతిలోంచి లాగితే దానంతటదే లాక్ అయ్యే ఫీచర్ వచ్చింది కదా, గూగుల్ 2024లో దాన్ని ముందు బ్రెజిల్‌లోనే టెస్ట్ చేసింది, సమస్య ఎంత ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ సెట్టింగ్ ఇక్కడ విమానం ఎక్కకముందే ఆన్ చేసుకోవాలి. ఎవరైనా ఎదురుగా వచ్చి ఫోన్ ఇవ్వు అంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా ఇచ్చెయ్యాలి, పెనుగులాడకూడదు, అరవకూడదు, వాళ్ళ దగ్గర తుపాకీ ఉండే ఛాన్స్ ఉంది. ఈ మాట మాత్రం గట్టిగా చెప్తున్నా.

హత్యల సంగతి కూడా భయపెట్టేలా రాస్తుంటారు. 1990ల చివర్లో సావో పాలో నిజంగానే ఘోరంగా ఉండేది, తర్వాత బాగా తగ్గింది, ఇప్పుడు బ్రెజిల్ రాష్ట్రాల్లో హత్యల రేటు తక్కువ ఉన్నవాటిలో ఆ రాష్ట్రం ఒకటి. ఇక ఆడవాళ్ళ మీద హింస అక్కడ లేదని నేను అనను, చాలా ఉంది, కానీ అందులో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ళు, భర్తలు, మాజీ ప్రియులు చేసేదే, మన దగ్గరలాగే. దాని మీద అక్కడి ఆడవాళ్ళు ఊరుకోలేదు కూడా. ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా బ్రెజిల్‌లో మొదటి పోలీస్ స్టేషన్ పెట్టింది సావో పాలోలోనే, 1985లో. గృహహింస మీద 2006లో చట్టం వచ్చింది. 2017లో పౌలిస్టా మీద బస్సులో ఒకామెతో అతి నీచంగా ప్రవర్తించినవాణ్ణి జడ్జి వదిలేస్తే దేశమంతా గొడవైంది, మరుసటి ఏడాదే బస్సుల్లో, రైళ్ళల్లో, రోడ్డు మీద ఇలాంటివి చేస్తే 1 నుంచి 5 ఏళ్ళ జైలు అని చట్టం తెచ్చారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది, 2016 నుంచి ఆ సిటీలో రాత్రి 10 దాటాక పొద్దున 5 లోపు ఆడవాళ్ళు అడిగితే బస్సు స్టాపు కాకపోయినా రూట్లో ఎక్కడైనా ఆపి దించాలి. మన దగ్గర కూడా దీన్ని చట్టంగా తెస్తే ఎంత బాగుంటుందో.

మెట్రో గురించి చెప్పాలి. శుభ్రంగా ఉంటుంది, టైంకి వస్తుంది, స్టేషన్లలో గార్డులు ఉంటారు, పగలు తిరగడానికి దానికి మించింది లేదు. పౌలిస్టా కిందుగా గ్రీన్ లైన్ వెళ్తుంది, అక్కడ కలిసే ఎల్లో లైన్ ఒకవైపు పిన్యేరోస్‌కి, ఇంకోవైపు రెపుబ్లికా, లూజ్ స్టేషన్ల దాకా పోతుంది. కాబట్టి పౌలిస్టా చుట్టుపక్కల మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో హోటల్ తీసుకుంటే పని సులువు. పొద్దున, సాయంత్రం ఆఫీసు టైంలో మాత్రం రెడ్ లైన్, పాత సిటీ సెంటర్‌లోని సే అనే స్టేషన్ కిటకిటలాడిపోతాయి, అసభ్యంగా తాకడాలు జరిగేది అప్పుడే. రియో మెట్రోలో రష్ టైంలో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది, సావో పాలోలో లేదు, హైదరాబాద్ మెట్రోలో లేడీస్ వైపు ఎక్కడం అలవాటైనవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. వీలైతే ఆ గంటా రెండు గంటలు ఏ కెఫేలోనో కూర్చుని రష్ తగ్గాక ఎక్కడం నయం.

పాత సిటీ సెంటర్ ఉంది చూశారా, సే, రెపుబ్లికా, లూజ్ వైపు, అక్కడ పగలు చూడాల్సినవి ఉన్నాయి. పినకోటెకా మ్యూజియం లూజ్ స్టేషన్ పక్కనే, మెట్రో దిగి నేరుగా లోపలికి వెళ్ళిపోవచ్చు, వదులుకోకూడనిది. కానీ ఆ చుట్టుపక్కల వీధుల్లోనే మత్తుమందుకి బానిసలైనవాళ్ళు 2025 దాకా పెద్ద గుంపుగా ఉండేవారు, ఇప్పుడు చెదిరి చిన్న చిన్న గుంపులుగా వీధులు మారుతుంటారు, కాబట్టి అక్కడ ఊరికే నడుచుకుంటూ తిరగొద్దు, చీకటి పడితే అసలే వద్దు. మన కంపెనీల ట్రావెల్ డెస్క్ వాళ్ళు రేటు తక్కువ అని సరిగ్గా ఆ సెంటర్‌లోనే హోటల్ బుక్ చేస్తారండి! సేఫ్టీ పేరుతో అమ్మాయిల పేర్లు కొట్టేసేముందు హోటల్ ఎక్కడ బుక్ చేస్తున్నారో చూసుకోవాలి వాళ్ళు.

ఫ్లైట్ టైం కూడా అంతే. జూన్, జూలై అక్కడ చలికాలం, సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. నాలుగింటికి గ్వారుల్యోస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగామంటే ఇమిగ్రేషన్, లగేజీ అయ్యి, ఆ ట్రాఫిక్‌లో పడి హోటల్ చేరేసరికి రాత్రే. పొద్దున దిగే ఫ్లైట్‌కి కొంచెం డబ్బులెక్కువైనా కంపెనీ పెట్టాలి. సాయంత్రం దిగక తప్పకపోతే ముందే కారు మాట్లాడించాలి, లేదంటే టెర్మినల్ లోపల కౌంటర్‌లో డబ్బు కట్టి తీసుకునే టాక్సీ ఉంది, లేదా ఊబర్. బయట దగ్గరికొచ్చి టాక్సీ మేడమ్ అనేవాళ్ళతో మాత్రం వెళ్ళొద్దు.

డబ్బు దగ్గర మోసాలు ఆడా మగా అని చూడవు. రోడ్డు మీద అమ్మేవాళ్ళు కార్డు మెషీన్ స్క్రీన్ పగిలిందని చెప్పి 20 రియాల్ (అక్కడి డబ్బు) బదులు 2000 కొట్టేస్తారు, అంకె కనపడకపోతే కార్డు పెట్టొద్దు, కార్డు వాళ్ళ చేతికి ఇవ్వొద్దు. ఏటీఎం అయితే పగలు బ్యాంకు లోపలున్నదే. 1933 నాటి పెద్ద మార్కెట్ ఒకటుంది, మెర్కదావ్ అంటారు, రంగు అద్దాల కిటికీలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అక్కడ పండ్ల కొట్టు దగ్గర ఆగామంటే చాలు, మనం అడక్కుండానే కత్తితో ముక్క కోసి చేతిలో పెడతాడు, అది నమిలేలోపు ఖర్జూరం చీల్చి మధ్యలో స్ట్రాబెర్రీ పెట్టి ఇంకోటి, అబ్బ ఎంత బాగుందో అనుకునేలోపు ట్రే నింపి తూకం వేసి వందల్లో బిల్లు చెప్తాడు, పక్కన ఇంకో ఇద్దరు వచ్చి నిలబడతారు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి మొహమాటానికి కట్టేస్తుందని వాళ్ళకి తెలుసు. ట్రే అక్కడే వదిలేసి వచ్చెయ్యండి, వెనకాల అరిచినా పట్టించుకోనక్కర్లేదు, నేనలాగే వచ్చేశాను, ఏమీ కాలేదు.

తిండికి మాత్రం ఒంటరి ఆడవాళ్ళకి ఇంత హాయైన ఊరు తక్కువ. మధ్యాహ్నం కిలో రెస్టారెంట్లు ఉంటాయి, ప్లేటు తీసుకుని అన్నం, బీన్స్, కూరలు, సలాడ్ కావాల్సినంత పెట్టుకుంటే తూకం వేసి చీటీ ఇస్తారు, తిన్నాక కట్టడమే. ఒక్కరే వచ్చారా అని అడిగేవాళ్ళుండరు, ఆఫీసు ఆడవాళ్ళు బోలెడంతమంది ఒక్కళ్ళే కూర్చుని తింటుంటారు. బీన్స్‌లో మాంసం ముక్కలు వేస్తారు ఒక్కోసారి, శాకాహారులు అడిగి తీసుకోవాలి. ఆఫీసులో పరిచయం కాగానే చెంపకి చెంప ఆనించి పలకరిస్తారు, అది అక్కడి మర్యాద, కంగారు పడొద్దు, ఇష్టం లేకపోతే ముందే చెయ్యి చాపితే అర్థం చేసుకుంటారు. రాత్రి బార్లకి వెళ్తే గ్లాసు వదిలి లేవకూడదు, మత్తుమందు కలిపి దోచుకోవడం అక్కడ ఉన్నదే. 2023 చివర్లో చట్టం వచ్చింది, నైట్‌క్లబ్బుల్లో, బార్లలో ఎవరైనా ఇబ్బంది పెడితే స్టాఫ్‌కి చెప్తే వాళ్ళు సాయం చెయ్యాల్సిందే.

ఆదివారం పౌలిస్టా మీద కార్లు ఆపేస్తారు. పిల్లలు, ముసలివాళ్ళు, స్కేటింగ్ చేసేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, నాలుగు స్తంభాల మీద నిలబడ్డ మాస్ప్ మ్యూజియం కింద పాత సామాన్ల సంత. ఆ మ్యూజియం డిజైన్ చేసింది కూడా ఒక ఆడమనిషే, లీనా బో బార్డి, 1968లో తెరిచారు. ఆ రోజు ఒక్కదాన్నే ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తుంటే ఎంత సంతోషంగా ఉంటుందో, మన ఆడపిల్లలకి అది వద్దు అని ఎవరో ఇక్కడ కూర్చుని నిర్ణయించేస్తున్నారే అని బాధేస్తుంది.

అక్కడ నా తోటి ఉద్యోగినులు రాత్రి విడిపోయేటప్పుడు ఇంటికెళ్ళాక మెసేజ్ పెట్టు అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు, క్యాబ్ లొకేషన్ షేర్ చేస్తారు, మెసేజ్ వచ్చేదాకా పడుకోరు. నన్నూ ఆ గ్రూపులో కలుపుకున్నారు. పంపే ప్రతి కంపెనీ అక్కడ ఒక ఆడ ఉద్యోగి నంబరు మనకి ఇస్తే చాలు. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి టైం తేడా ఎనిమిదిన్నర గంటలు, వాళ్ళకి రాత్రి 9 అయితే మనకి పొద్దున ఐదున్నర, అమ్మావాళ్ళు లేచే టైమే.

మీరు ఇంకోసారి వేసేటప్పుడు ఆ బాక్స్‌లో ఈ నంబర్లు వెయ్యండి చాలు: బ్రెజిల్‌లో పోలీస్ 190, అంబులెన్స్ 192, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 180. సావో పాలోలో టూరిస్టుల కోసం వేరే పోలీస్ స్టేషన్ ఉంది, మన ఇండియన్ కాన్సులేట్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, హైదరాబాద్

తా.క.: ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి.