ఎథికల్ హ్యాకింగ్ కోర్సుల్లో మొదటి పాఠం అనుమతి గురించి ఉండాలి

ఆర్యా,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో దినపత్రికల మధ్యలో పెట్టి పంచే కరపత్రాల్లో ఎథికల్ హ్యాకింగ్ (యజమాని అనుమతితో కంప్యూటర్ వ్యవస్థల్లో భద్రతా లోపాలు వెతికే విద్య) కోర్సుల ప్రకటనలు ఏటేటా ఎక్కువవుతున్నాయి. ముసుగు వేసుకున్న కుర్రవాడి బొమ్మ, వెనక నల్లటి తెర మీద పచ్చని అక్షరాలు, కింద 30 రోజుల్లో హ్యాకర్‌ను చేస్తామన్న హామీ. అమీర్‌పేటకే పరిమితమనుకున్న ఈ బోర్డులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ కనిపిస్తున్నాయి, ఇంజినీరింగ్ కళాశాలల్లో సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ పేరుతో ప్రత్యేక బ్రాంచీలే వచ్చాయి. పిల్లలు ఈ విద్య వైపు రావడం కావలసినదే. అయితే కంప్యూటర్ నెట్‌వర్క్స్ బోధించే అధ్యాపకుడిగా నాకు కనిపిస్తున్న ఒక లోటును మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను. ఈ శిక్షణల్లో టూల్స్, అంటే లోపాలు వెతికే సాఫ్ట్‌వేర్లు, వాడడం నేర్పుతున్నారు గాని, ఎవరి అనుమతితో వాడాలి, ఎంతవరకు వెళ్లి ఆగాలి, కనిపెట్టిన లోపాన్ని ఎవరికి ఎలా తెలియజేయాలి అన్న సంగతులు చాలాచోట్ల చివరి రోజు ఒక స్లైడుతో సరిపెడుతున్నారు.

చట్టం మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని గాని, ఆ కంప్యూటర్ బాధ్యత చూసే వ్యక్తి గాని అనుమతించకుండా ఒక కంప్యూటర్‌లోకి ప్రవేశించినా, అందులోని సమాచారాన్ని కాపీ చేసుకున్నా నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. అదే పనిని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరదాకు చూశాను, చెడు ఉద్దేశం లేదు అని కుర్రవాడు చెప్పుకుంటే ఆ మాట కోర్టులో నిలవనూ వచ్చు. అప్పటిదాకా అతని ల్యాప్‌టాప్, ఫోన్ పోలీసుల దగ్గర ఉంటాయి, క్యాంపస్ ఇంటర్వ్యూలు అతని కోసం ఆగవు.

ఒక ఉదాహరణ చూడండి. పరీక్షా ఫలితాల వెబ్‌సైట్‌లో విద్యార్థి లాగిన్ అయి తన మార్కుల మెమో తెరిచాడు. పైన అడ్రస్ బార్‌లో చివరన తన హాల్‌టికెట్ నంబరు కనిపించింది. చివరి అంకె 7ను 8గా మార్చి ఎంటర్ కొడితే పక్క విద్యార్థి మెమో, తండ్రి పేరుతో, పుట్టిన తేదీతో సహా తెరుచుకుంది. లాగిన్ అయ్యాడా లేదా అని మాత్రమే సర్వర్ చూసింది, అడిగిన మెమో అతనిదేనా అని చూడలేదు. వెబ్‌సైట్ల భద్రతా లోపాలపై ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన మొదటి పది రకాల జాబితాలో అగ్రస్థానం ఈ కోవకు చెందిన లోపాలకే దక్కింది. దీన్ని పట్టుకోవడానికి ఏ టూలూ అక్కర్లేదు. ఇక ఆ విద్యార్థి ఏం చేయాలన్నదే అసలు పాఠం. అక్కడితో ఆగాలి. ఏ పేజీలో, ఏ సమయానికి, ఏం మారిస్తే ఏం కనిపించిందో రాసుకోవాలి, స్క్రీన్‌షాట్‌లో అవతలి వ్యక్తి వివరాలు చెరిపేయాలి, బాధ్యులకు రాతపూర్వకంగా తెలపాలి. అలా కాకుండా, నిరూపించి చూపిద్దామని చిన్న ప్రోగ్రాం రాసి క్లాసు మొత్తం మెమోలు దించుకున్నాడంటే, అతని మనసులో ఏమున్నా, చట్టం దృష్టిలో అది వేరే పని.

చెప్పినా వినేవారు ఉండాలి కదా అనవచ్చు. మా ప్రాంతంలోని ఒక కళాశాలలో దాదాపు ఇలాంటి లోపాన్నే ఒక విద్యార్థి కార్యాలయానికి వెళ్లి చెబితే, మా సైట్‌లోకి నిన్నెవరు దూరమన్నారు, పోలీసులకు అప్పగిస్తాం అన్నారు. ఆ తర్వాత లోపాన్ని సరిచేశారు, ఆ కుర్రవాడికి ఒక మంచి మాట కూడా దక్కలేదు. ఇది చూసిన అతని స్నేహితులు ఏం నేర్చుకుని ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

అనుమతి ఉన్న చోట ఇదే పని ఎలా సాగుతుందో చెప్పడానికి ఆనంద్ ప్రకాశ్ అనే బెంగళూరు ఇంజినీరు 2016లో ఫేస్‌బుక్‌లో పట్టుకున్న లోపం చాలు. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే ఆ సంస్థ 6 అంకెల కోడ్ పంపుతుంది. అసలు వెబ్‌సైట్‌లో తప్పుడు కోడ్‌ను పదిపన్నెండు సార్లు కొడితే ఆపేస్తారు. కొత్త సదుపాయాలను పరీక్షించుకోవడానికి ఆ సంస్థ నడిపే బీటా సైట్‌లో ఆ అడ్డు పెట్టలేదు. 6 అంకెలంటే 10 లక్షల కోడ్‌లు, కంప్యూటర్‌కు అవి ఒక లెక్క కాదు. ఎవరి ఖాతానైనా తెరవగల అవకాశం చేతికొచ్చినా ఆయన దాన్ని తన సొంత ఖాతా మీదే పరీక్షించి తెలియజేశారు, ఎందుకంటే ఇతరుల ఖాతాల జోలికి పోరాదని లోపాలు వెతకడానికి అనుమతిచ్చి, చెప్పినవారికి ఆ సంస్థ డబ్బిచ్చే బహుమతి పథకం నిబంధనల్లోనే ఉంది. లోపాన్ని మరునాడే సరిదిద్దారు, 15,000 డాలర్ల బహుమతి ఇచ్చారు. మన శిక్షణ కేంద్రాలు ఈ కథలోంచి డాలర్ల అంకెను మాత్రం గోడ మీద రాసుకుంటాయి.

నేర్చుకోవడానికి ఇతరుల వెబ్‌సైట్లే కావాలన్నది అపోహ. కావాలని లోపాలతో తయారు చేసి ఉచితంగా ఇస్తున్న డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ వంటి అప్లికేషన్లను సొంత ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) పెట్టుకుని ఎంత సాధన చేసినా అడిగేవారు లేరు. పోర్ట్‌స్విగర్ సంస్థ వెబ్ భద్రతా పాఠాలను, ల్యాబ్‌లను ఉచితంగానే అందిస్తోంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ అనే హ్యాకింగ్ పోటీలు పాఠశాల విద్యార్థికి కూడా అందుతాయి. ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు చెప్పిన ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఉంది, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన సీడాక్ హైదరాబాద్ కేంద్రంలో భద్రతా కోర్సులు ఉన్నాయి. అయితే వీటన్నిటికంటే ముందు నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏమిటో, బ్రౌజర్‌కు సర్వర్‌కు మధ్య ఏం నడుస్తుందో తెలియాలి. ఒక యంత్రంలో ఏ పోర్టులు (నెట్‌వర్క్ ద్వారా లోపలికి వెళ్లే ద్వారాలు) తెరిచి ఉన్నాయో చూపే ఎన్‌మ్యాప్ టూల్ నడపడం వచ్చిన మూడో సంవత్సరం విద్యార్థులు కూడా, ఒక పోర్టు పక్కన ‘క్లోజ్డ్’ అని, మరో దాని పక్కన ‘ఫిల్టర్డ్’ అని ఎందుకు వచ్చిందంటే తడబడతారు. మొదటిదాంట్లో ఆ పోర్టు మూసి ఉందని అవతలి యంత్రమే బదులు పంపింది, రెండోదాంట్లో మధ్యలో కాపలాగా ఉన్న ఫైర్‌వాల్ అడిగినదాన్ని మింగేసి ఊరుకుంది. ఈ తేడా అర్థం కానివారికి భద్రతా పరీక్షల కోసం తయారైన కాలీ లైనక్స్‌లోని వందలాది టూల్స్ ఎందుకూ కొరగావు.

సర్టిఫికెట్ల విషయంలోనూ తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. బాగా ప్రచారంలో ఉన్న సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) సర్టిఫికెట్‌కు 4 గంటల్లో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబు గుర్తిస్తే చాలు. ఓఎస్‌సీపీ అనే మరో సర్టిఫికెట్ పరీక్షలో దాదాపు 24 గంటల పాటు కేటాయించిన యంత్రాల మీద నిజంగా పనిచేసి, ఆ తర్వాత నివేదిక రాసి పంపాలి. ఉద్యోగంలో సగం పని ఆ నివేదికే. లోపం ఎక్కడుంది, దానివల్ల ఎవరికి ఎంత నష్టం, ఎలా సరిదిద్దాలి అన్నది కంప్యూటర్లతో పరిచయం లేని మేనేజరుకు కూడా అర్థమయ్యేలా రాయడం మన పిల్లలకు ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పడం లేదు.

ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు చేయవలసినది కూడా ఉంది. లోపాలను బాధ్యతగా తెలపడానికి జాతీయ స్థాయిలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక విధానాన్ని ప్రకటించింది. ఆధార్ సంస్థ కూడా 2022లో 20 మంది నిపుణులతో తన వ్యవస్థల్లో లోపాలు వెతికించే కార్యక్రమాన్ని ప్రకటించింది. కాని సదుద్దేశంతో లోపం కనిపెట్టి చెప్పినవారికి మన చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. అలాంటివారిపై హ్యాకింగ్ కేసులు పెట్టరాదని అమెరికా న్యాయశాఖ 2022 మే నెలలో తన ప్రాసిక్యూటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. చట్ట సవరణ పార్లమెంటు పని, దానికి సమయం పట్టవచ్చు. అంతవరకు ఆగకుండా చేయగల పని ఒకటుంది. లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలిపే సెక్యూరిటీ డాట్ టెక్స్ట్ అనే చిన్న ఫైలును వెబ్‌సైట్‌లో ఉంచే పద్ధతిని 2022లోనే ఆర్‌ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురించారు. నాలుగైదు పంక్తుల ఆ ఫైలు పెట్టడానికి ఖర్చు లేదు, టెండరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, విద్యుత్ పంపిణీ సంస్థలు దాన్ని పెట్టి, నిబంధనలకు లోబడి తెలియజేసినవారిపై ఫిర్యాదు చేయబోమని అందులో సూచించిన పేజీలో స్పష్టంగా రాస్తే చాలు. ఇది దయతో చేయవలసిన పనేమీ కాదు. వ్యక్తిగత సమాచారాన్ని తగిన జాగ్రత్తలతో కాపాడని సంస్థలపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది కనుక, ముందుగా వచ్చి చెప్పే విద్యార్థి ఆ సంస్థకు మేలే చేస్తున్నాడు.

కళాశాలలు తమ వంతుగా బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఒక ల్యాబ్‌ను ఏర్పాటు చేసి, మొదటి వారంలోనే హద్దులు రాసిన పత్రం మీద విద్యార్థితో సంతకం చేయించి, ఆ తర్వాతే టూల్స్ చేతికివ్వాలి. బయటి శిక్షణ కేంద్రంలో పిల్లలను చేర్చేముందు తల్లిదండ్రులు ప్రాక్టికల్స్ ఎవరి కంప్యూటర్ల మీద చేయిస్తారని, అందుకు ఆ యజమాని ఇచ్చిన రాతపూర్వక అనుమతి ఉందా అని అడగాలి. నిజమైన వెబ్‌సైట్ల మీద ప్రాక్టికల్స్ చేయిస్తామని గొప్పగా చెప్పుకుంటూ, ఆ పత్రం మాత్రం చూపించలేని చోట ఫీజు కట్టకండి.

ఇట్లు,
కంప్యూటర్ నెట్‌వర్క్స్ అధ్యాపకుడు,
గుంటూరు.